“ఒక్క నెల ఆపి చూస్తాను” అంటున్నాడు, నమ్మవచ్చా?

ప్రశ్న: మేము తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాము. మా అబ్బాయికి 22 ఏళ్లు. బయటి ఊరిలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగంలో చేరడానికి ఇంకా వ్యవధి ఉన్నందున ప్రస్తుతం ఇంట్లోనే ఉన్నాడు. అతని బ్యాగులో కంటి చుక్కల మందు సీసాలు కనిపించి, కళ్లకు ఏమైందని అడిగితే, హాస్టల్లో గంజాయి అలవాటైందని, రెండేళ్లుగా దాదాపు రోజూ తాగుతున్నానని, కళ్ల ఎరుపు కనబడకుండా ఆ మందు వేసుకుంటున్నానని తనే చెప్పాడు. “ఒక్క నెల ఆపి చూస్తానమ్మా, జన్మలో ముట్టనని మాత్రం ఇప్పుడే ఒట్టు వేయమనకండి” అంటున్నాడు. మా వారేమో, మానేవాడైతే పూర్తిగా మానాలి, నెల రోజుల మాట నమ్మదగింది కాదు, కొండకు తీసుకువెళ్లి స్వామి ఎదుట ప్రమాణం చేయిద్దాం అంటున్నారు. నేను ఎవరి మాట వినాలి? ఈ నెల రోజులూ ఇంట్లో మేము అతనికి ఎలా తోడ్పడాలి?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీ అబ్బాయి మాటనే పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. కళ్లకు ఏమైందని మాత్రమే మీరు అడిగితే అతను దాచకుండా అంతా చెప్పాడు. తాను ఎంతవరకు నిలబడగలడో కూడా తనే చెప్పాడు. రెండేళ్లుగా రోజూ గంజాయి తాగుతున్న యువకుడు “ఇక జన్మలో ముట్టను” అని పగటిపూట పెద్దల ముందు అనడం సులువే గాని, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టని వేళ ఆ మాట నిలబెట్టుకోవడం చాలా కష్టం. అదే “ఈ ఒక్క నెల” అనుకుంటే ఆ రాత్రి గడిచిపోతుంది. మీ వారి ఆవేదన నాకు అర్థమవుతూనే ఉంది. అతను పూర్తిగా మానేయాలనే నా కోరిక కూడా. అయితే స్వామి పేరు మీద ఒట్టు పెట్టించిన తరువాత అబ్బాయి ఒక్కసారి తప్పితే, అది గంజాయి తాగడంతో పోదు, దైవానికి ద్రోహం చేశానన్న భావనగా మనసులో కూర్చుంటుంది. అంత పెద్ద తప్పును అతను మీతో చెప్పుకోలేడు; చెప్పుకోలేని నాటి నుంచి మీ సహాయం కూడా అతనికి అందదు. ఎవరో చేయించిన ప్రమాణం కన్నా తానుగా పెట్టుకున్న గడువుకే ఇక్కడ బలం ఎక్కువ.

నెల అన్న గడువు కూడా అర్థం లేనిది కాదు. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం మెదడులోని సీబీ1 అనే గ్రాహకాల (కణాల మీద సంకేతాలను అందుకునే భాగాల) మీద పనిచేస్తుంది. రోజూ అది వచ్చి పడుతుంటే మెదడు తనను తాను కాపాడుకోవడానికి ఆ గ్రాహకాలను తగ్గించుకుంటుంది. అందుకే మొదట్లో ఒక్క దమ్ముతో కలిగిన మత్తు కోసం కొన్నాళ్లకు మూడు నాలుగు జాయింట్లు (గంజాయి చుట్టిన సిగరెట్లు) కావలసి వస్తాయి, తాగనప్పుడు ఏదీ రుచించదు. మెదడు స్కానింగులతో చేసిన పరిశోధనల్లో, ఆపిన రెండు రోజులకే ఈ గ్రాహకాలు కోలుకోవడం మొదలవుతుందని, సుమారు నాలుగు వారాలకు ఎన్నడూ తాగనివారి స్థాయికి దగ్గరగా చేరుతాయని తేలింది. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం తన విద్యార్థుల కోసం రూపొందించిన విరామ పద్ధతికి 21 రోజుల గడువు పెట్టింది. మీ అబ్బాయి నెల అన్నాడు కాబట్టి నెలనే ఉంచండి.

ఇక మీ ఇంట్లో ఏం జరగబోతోందో ముందుగా తెలుసుకుంటే మీరు కంగారు పడరు. ఆపిన ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, కోపం, ఆందోళన, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలవుతాయి. కొందరికి చెమటలు, వణుకు, తలనొప్పి, కడుపునొప్పి కూడా ఉంటాయి. వీటిని విత్‌డ్రాయల్ లక్షణాలు అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించిన ప్రామాణిక గ్రంథం గంజాయి విషయంలోనూ వీటిని గుర్తించింది. మొదటి వారంలో ఇవి ముదిరి, రెండో వారం చివరికి చాలావరకు సర్దుకుంటాయి. నిద్ర మాత్రం కొందరికి నెల దాటినా గాడిలో పడదు. మీ చేతి సంగటి ముద్దను, పప్పును ఎంతో ఇష్టంగా తినే పిల్లవాడు రెండు ముద్దలకే కంచం పక్కకు జరిపేయవచ్చు, తెల్లవారి లేచేసరికి దిండు గలీబు చెమటకు తడిసి ఉండవచ్చు, “టిఫిను చేస్తావా” అని అడిగినందుకే కసురుకోవచ్చు. ఆ కసురు మీ మీద కాదని ఆ పది పదిహేను రోజులూ గుర్తు పెట్టుకోండి. బలవంతంగా తినిపించకుండా, మజ్జిగో, పలుచటి రాగి జావో, పండో అందుబాటులో ఉంచితే చాలు. ఆకలి తిరిగి వస్తుంది.

ఆరంభించే తేదీని అతన్నే నిర్ణయించుకోనివ్వండి. స్నేహితుల పెళ్లి, ఊరి జాతర వంటివి ఎదురుగా ఉన్న వారాన్ని మాత్రం తప్పించమని చెప్పండి, ఎందుకంటే అలాంటి చోట్ల పాత జట్టు కలుస్తుంది, చేతికి ఏదో ఒకటి అందుతుంది. ముందురోజు రాత్రి మిగిలిన పొట్లం, రోలింగ్ పేపర్లు, లైటరు అన్నీ తన చేతులతో తనే పారేయాలి. మీరు గది సోదా చేసి పారేస్తే అది మీ విజయమవుతుంది గాని అతని నిర్ణయంగా మిగలదు. అదే రోజు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసుకోమనండి: తాను ఏ వేళల్లో తాగుతున్నాడు, తాగేముందు మనసు ఎలా ఉంటోంది, ఆపితే ఏం మెరుగవుతుందని ఆశిస్తున్నాడు, ఏ సందర్భానికి భయపడుతున్నాడు. ఆ కాగితాన్ని మీరు చదవవలసిన పని లేదు.

సాయంత్రాలే అసలైన పరీక్ష. రోజూ ఫలానా వేళకు తాగడం అలవాటైనవాడికి ఆ వేళకు కాళ్లు వాటంతటవే బయటకు లాగుతాయి. ఆ కోరిక ఎంత బలంగా వచ్చినా సాధారణంగా అరగంట లోపు తగ్గుముఖం పడుతుంది. కాబట్టి ఆ అరగంటను నింపే పని ఏదో ముందే సిద్ధంగా ఉండాలి. ఇక్కడ మీ వారు చేయగలిగింది చాలా ఉంది. ప్రమాణం కోసం కొండకు తీసుకువెళ్లాలనుకున్న ఆయన, వారానికి రెండు మూడు నాళ్లు తెల్లవారుజామున అబ్బాయితో కలిసి అలిపిరి మెట్లు ఎక్కవచ్చు. మొత్తం 3,550 మెట్లూ ఎక్కాలని లేదు, ఊపిరి ఆడినంత దూరం వెళ్లి దిగివచ్చినా చాలు. ఒళ్లు అలిసిన రోజు రాత్రి నిద్ర కాస్త త్వరగా వస్తుంది, పక్కన నడిచే మనిషితో ఎదురుగా కూర్చుని చెప్పలేని మాటలు కూడా చెప్పుకోగలుగుతారు. ఆ నడకలో గంజాయి ప్రస్తావన తండ్రి తేకపోవడం మంచిది. అబ్బాయి తెస్తే వినాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. అనుమానం తీర్చుకోవడానికి మందుల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో మూత్ర పరీక్ష కిట్లు కొని తెచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. టీహెచ్‌సీ కొవ్వులో కరిగి నిలవ ఉండే పదార్థం. రోజూ తాగినవాడి మూత్రంలో దాని ఆనవాళ్లు ఆపిన తరువాత కూడా నెల రోజులు, ఒక్కొక్కరికి అంతకన్నా ఎక్కువ కాలం కనిపించవచ్చు. మూడు వారాలు నిజాయతీగా ఆపిన బిడ్డను ఆ కిట్టు చూపి “అబద్ధం చెప్పావు” అని నిందిస్తే, అతను ఆ రోజే తిరిగి పొట్లం కొనుక్కోవడంలో ఆశ్చర్యం ఉండదు. కిట్టుకు బదులు ఒక ఒప్పందం చేసుకోండి. రోజుకు ఒకసారి, ఇద్దరికీ వీలైన వేళ, “ఈ రోజు ఎలా గడిచింది?” అని మాత్రం మీరు అడుగుతారు, తప్పిన రోజున తప్పానని అతను చెబుతాడు, చెప్పినందుకు ఇంట్లో రభస జరగదు. మధ్యలో ఒకరోజు తాగినంత మాత్రాన అంతవరకు గడిచిన రోజులు వృథా అయినట్టు కాదు, మర్నాటి నుంచి కొనసాగించవచ్చు.

నెల పూర్తయ్యాక అతను ఆ కాగితం తీసి చూసుకోవాలి. విసుగు పుట్టినప్పుడే తాగాలనిపించిందా, నిద్ర కోసమా, నలుగురిలో కలవడానికి బెరుకుగా ఉన్నప్పుడా? విరామం వల్ల కలిగే అసలైన ప్రయోజనం ఇదేనని నా నమ్మకం. ఆందోళననో దిగులునో అణచుకోవడానికే తాగుతున్నాడని బయటపడితే, వాటికి చికిత్స ఉంది. ఎంత ప్రయత్నించినా వారం కూడా ఆపలేకపోతే, దాన్ని చేతకానితనంగా చూడకండి. వైద్యుడి సాయం కావాలని తెలియజేసే సమాచారం అది. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు.

కొన్ని సందర్భాల్లో మాత్రం నెల పూర్తయ్యేవరకు ఆగకూడదు. ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని, తనను వెంబడిస్తున్నారని అంటున్నా, ఇతరులకు వినిపించని మాటలు తనకు వినిపిస్తున్నాయన్నా, చనిపోవాలని ఉందన్నా, ఆగకుండా వాంతులవుతూ వేడినీళ్ల స్నానంతో మాత్రమే ఉపశమనం కలుగుతున్నా వెంటనే వైద్యుడి వద్దకు తీసుకువెళ్లండి. మీ ఇరువైపుల దగ్గరి బంధువుల్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధి ఉంటే, ఆ సంగతి అబ్బాయికి దాచకుండా చెప్పండి. అలాంటి కుటుంబాల పిల్లలకు గంజాయి వల్ల మతి చలించే ప్రమాదం ఎక్కువ. వారికి విరామం చాలదు, పూర్తిగా మానమనే చెబుతాను. అలాగే, గంజాయితో పాటు రోజూ మద్యం గాని, నిద్రమాత్రలు గాని వాడుతున్నాడేమో నెమ్మదిగా అడగండి. గంజాయిని ఉన్నపళంగా ఆపడం వల్ల సాధారణంగా ప్రాణాపాయం ఉండదు, కాని ఆ రెండింటిని హఠాత్తుగా ఆపితే ఫిట్సు రావచ్చు; వాటిని వైద్యుడి పర్యవేక్షణలోనే తగ్గించాలి.

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. బెంగళూరు కంపెనీకి చిత్తూరులోని ఇంటి నుంచి పని చేస్తున్నాను. రాత్రి పని అయ్యాక సిగరెట్టులో పొగాకు కొంత తీసేసి గంజాయి కలిపి తాగుతాను. విరామం ఇద్దామని ఇప్పటికి రెండుసార్లు ప్రయత్నించాను. నాలుగైదు రోజులయ్యేసరికి భయంకరమైన కలలు వచ్చి, నిద్ర లేక, పని మీద మనసు నిలవక మళ్లీ మొదలుపెట్టాను. గంజాయికి బానిసను కాదనే అనుకుంటున్నాను. ఈసారి మూడు వారాలు ఎలా నిలబడాలి? ఆ తరువాత వారాంతాల్లో మాత్రమే తాగితే తప్పా?
— పేరు రాయని పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీరు రెండుసార్లూ సరిగ్గా అత్యంత కష్టమైన చోటనే వెనుదిరిగారు. మరో నాలుగైదు రోజులు గడిస్తే దారి కొంత సుగమమయ్యేది. గంజాయి, కలలు వచ్చే దశ నిద్రను అణచివేస్తుంది. ఆపగానే మెదడు ఇన్నాళ్లూ కోల్పోయిన ఆ నిద్రను ఒక్కసారిగా రాబట్టుకుంటుంది. అందువల్లే కలలు అంత స్పష్టంగా, అంత భయంకరంగా వస్తాయి. అవి మీ మనసు చెడిపోతున్నదనడానికి సూచన కావు, నిద్ర తిరిగి కుదురుకుంటున్నదనడానికి గుర్తు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే చాలామంది అయిదో రాత్రి దాటగలుగుతారు.

మీ ఉత్తరంలో నా దృష్టిని ఎక్కువగా ఆకర్షించిన మాట సిగరెట్టు. మన ప్రాంతంలో గంజాయిని విడిగా తాగేవారు తక్కువ, పొగాకులో కలిపి తాగేవారే ఎక్కువ. మీరు గంజాయిని ఆపినప్పుడు సిగరెట్టు కూడా ఆగిపోతే, నికోటిన్ కోసం శరీరం పడే తపన కూడా అదే సమయంలో మీద పడుతుంది. నికోటిన్ మానినప్పుడు కలిగే చిరాకు, ఏకాగ్రత లేమి రెండో మూడో రోజున ఉచ్చస్థాయికి చేరుకుంటాయి. రెండు బాధలూ కలిసి వస్తుంటే మీరు వాటన్నిటినీ గంజాయి ఖాతాలోనే వేసుకున్నారు. అలాగని గంజాయి ఆపి సిగరెట్లు పెంచుకుంటే, ఆ సిగరెట్టు వెలిగించిన ప్రతిసారీ గంజాయి గుర్తుకు వస్తుంది. పొగాకును కూడా ఈ మూడు వారాలూ ఆపడమే మేలు. అందుకు నికోటిన్ చూయింగ్ గమ్ వాడవచ్చునేమో, ఎంత మోతాదులో వాడాలో వైద్యుడిని అడగండి. మద్యంతో ఆ లోటు పూడ్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అలా ఒక అలవాటు స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చున్నవారు ఎందరో.

నిద్ర గురించి కొంత వివరంగా చెప్పాలి. మీ పని వేళలు రాత్రివి కాబట్టి, పడుకునే సమయం కన్నా లేచే సమయాన్ని ఖాయం చేసుకోండి. ఎంత ఆలస్యంగా నిద్ర పట్టినా ఆ వేళకే లేవండి. పని మొదలయ్యే ముందు ఒక కాఫీ తాగితే తాగండి, పని మధ్యలో వద్దు. పని చేసిన కుర్చీలో నుంచి నేరుగా మంచం మీదకు చేరకుండా, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, దీపాలు తగ్గించి, ఫోను వేరే గదిలో పెట్టండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చదువుతూ కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడు మళ్లీ వెళ్లండి. మంచం మీద పొర్లుతూ “ఒక్కటి తాగితే పోతుంది” అనుకునే ఆ గంటే మిమ్మల్ని రెండుసార్లు ఓడించింది. తెలిసిన మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోకండి. అల్‌ప్రాజొలామ్ వంటి మాత్రలకు అలవాటు పడితే వాటిని మాన్పించడం గంజాయి మాన్పించడం కన్నా కష్టం. వీలైతే మొదటి వారానికి సెలవో, తేలికపాటి పనో అడిగి పెట్టుకోండి. కారణం ఎవరికీ చెప్పనక్కరలేదు.

బానిసను కాదని మీరు అంటున్నారు. నేను తీర్పు చెప్పను గాని, వైద్యులు పరిశీలించే అంశాలు కొన్ని చెబుతాను: అనుకున్న దానికన్నా ఎక్కువ తాగడం, తగ్గించాలని ప్రయత్నించి విఫలం కావడం, మోతాదు పెంచితేనే మత్తు కలగడం, ఆపితే శరీరం ఇబ్బంది పడటం, పనికి అడ్డు వస్తున్నా కొనసాగించడం. ఇటువంటివి మొత్తం 11 లక్షణాలు ఉన్నాయి. గత 12 నెలల్లో వాటిలో రెండు కనిపించి, వాటివల్ల ఇబ్బంది పడుతున్నా దాన్ని గంజాయి వాడక రుగ్మతగా పరిగణిస్తారు. మీ ఉత్తరంలోనే రెండు కనబడుతున్నాయి. ఇది మిమ్మల్ని కించపరచడానికి చెప్పడం లేదు, సాయం అడగడానికి మీకు అర్హత ఉందని తెలియడానికే చెబుతున్నాను.

వారాంతాల సంగతి ఇప్పుడు నిర్ణయించుకోకండి. మూడు వారాల తరువాత ఉండే మీరు, తల తేటపడి, ఇంకొంత బాగా నిర్ణయించగలరు. నా సలహా అడిగితే, విరామాన్ని మరో మూడు వారాలు పొడిగించమనే అంటాను. రోజూ తాగిన మనిషికి వారాంతం శుక్రవారం నుంచి గురువారానికి వ్యాపించడం ఎంతోకాలం పట్టదు; పైగా మన దేశంలో గంజాయి కొనడం, దగ్గర ఉంచుకోవడం, తాగడం అన్నీ నేరాలే. ఒకవేళ మళ్లీ తాగడమే జరిగితే, గ్రాహకాలు కోలుకున్న మెదడు మీద పాత మోతాదు చాలా తీవ్రంగా పనిచేస్తుందని మరచిపోవద్దు. గుండె దడ, ఊపిరాడనట్టు ఉండటం, చనిపోతానేమోనన్న భయంతో అత్యవసర విభాగానికి పరుగెత్తడం విరామం తరువాత జరగవచ్చు, కారణం ఇదే. ఆ స్థితిలో బండి నడపడం మీకూ, రోడ్డు మీద ఉన్న అందరికీ ప్రమాదం.

ప్రశ్న: మా తమ్ముడు గంజాయి మానడానికి ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నాడు. కాని అక్కడ పేరు నమోదైతే పోలీసులకు తెలుస్తుందని, కేసు పెడతారని భయపడుతున్నాడు. ఆ భయం నిజమేనా?
— ఒక అక్క, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మా, చికిత్స కోరి వచ్చే మనిషికి చట్టం ఇచ్చిన రక్షణను తమ్ముడికి వివరంగా చెప్పండి. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుమందు సేవించిన నేరం గాని, చిన్న పరిమాణంలో కలిగి ఉన్న నేరం గాని మోపబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపే లేక గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స పొందితే, ఆ నేరాలకు అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కు తీసుకోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కును కూడా కల్పించింది; అదే చట్టం, 18 ఏళ్లు నిండిన మనిషిని అతని సమ్మతి లేకుండా చేర్చుకోవడానికి కఠినమైన షరతులు విధించింది. కాబట్టి పట్టుకుపోయి గదిలో బంధిస్తామని చెప్పే ప్రైవేటు కేంద్రాల మాటలకు లోబడకండి. మీ తమ్ముడు ఈ విషయంలో ఒంటరి అని కూడా అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, భంగుతో కలిపి చూస్తే ఏడాది కాలంలో దాదాపు 3.1 కోట్ల మంది భారతీయులు గంజాయి మొక్క ఉత్పత్తులను వాడారు.

ఆసుపత్రికి వెళ్లేముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 ఉన్నాయి. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. 1972 అనే నంబరు మన రాష్ట్రంలో మత్తుమందులను అరికట్టే ఈగల్ పోలీసు విభాగానిది, అమ్మకందారుల సమాచారం ఇవ్వడానికి ఉద్దేశించింది. సాయం చేసే నంబర్లను, ఈ పోలీసు నంబరును కలగాపులగం చేసుకుని తమ్ముడు భయపడుతూ ఉండవచ్చు. వైద్యుడి వద్దకు మీరు తోడుగా వెళ్లండి, ఏమేం వాడుతున్నాడో, ఎంతకాలంగానో, ఇప్పటికే వేసుకుంటున్న మందులేమిటో ఒక చీటీ మీద అతని చేత రాయించి తీసుకువెళ్లండి. వైద్యుడు ఒంటరిగా మాట్లాడాలంటే మీరు బయట కూర్చోండి, లోపల ఏం చెప్పావని తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడగకండి.